దొర కింది దవడ

మా ఇంట్లో ఏడాదికొకసారి ఏరివేత జరుగుతుంది. ఆ రోజు పశువుల పాక ముందు మూడు కుర్చీలు వేస్తారు. మధ్య కుర్చీలో మా బావగారు, అంటే మా ఆయనకి అన్నయ్య. ఈ జాతి పశువుల్ని కాపాడే సంఘానికి ఆయన అధ్యక్షుడు. కుడిపక్క పశువుల డాక్టరు. ఎడమపక్క మా ఆయన. ఆవుల్ని ఒక్కొక్కదాన్నే వాళ్ళ ముందు నడిపిస్తే నడక, వెన్ను, పొదుగు, పళ్ళు చూస్తారు. ఉంచేదాని తొడ మీద నీలం సుద్ద గీస్తారు, వద్దనుకున్నదాని మీద ఎర్ర సుద్ద. ఎర్ర సుద్ద పడ్డది సాయంత్రానికి లారీ ఎక్కి కబేళాకి పోవాల్సిందే. ఇంకొకరికిస్తే జాతి చెడుతుందట.

పెంచిన చెయ్యే తాడు పట్టాలన్నది మా మామగారి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. నడిపించడానికైనా, లారీ ఎక్కించడానికైనా అంతే. పెంచేది నేను కాబట్టి తాడు నాదే. నా రాత గుండ్రంగా ఉంటుందని రిజిస్టరు కూడా నాకే అంటగట్టారు.

మా మందలో మొత్తం పద్దెనిమిది. ఆవులు ఎనిమిది, పెయ్యదూడలు తొమ్మిది, ఆబోతు ఒకటి. ఆబోతు పేరు దొర. నాలుగేళ్ళ కిందట ఎక్కడో పెద్ద ఫారం నుంచి తెచ్చారు. డాక్టరే ఏరికోరి ఎంచి, నోరు, కాళ్ళు, అన్నీ భేషని కాగితం రాసిచ్చాడు. ఇక చూడండి వాడి వైభోగం! వాడికి వేరే పాక, తల మీద ఫ్యాను, రెండుపూటలా నానబెట్టిన మెత్తటి దాణా. మా ఆయన తప్ప ఇంకెవరూ వాడి దగ్గరికి పోకూడదు. ఆడవాళ్ళ వాసన తగిలితే బెదురుతాడట. మిగతా పదిహేడింటి పేడ ఎత్తేటప్పుడు నా వాసన ఎవరికీ అడ్డం రాలేదు మరి.

దొర వచ్చాక పుట్టిన దూడల్లో కొన్నిటికి కింది దవడ పొట్టిగా వచ్చింది. ఆ దూడలు పొదుగు పట్టలేవు. చప్పరిస్తే పాలు పక్కనించి కారిపోతాయి. నేను సీసాతో పట్టాను, చెంచాతో పట్టాను. పది దూడలు నా ఒళ్ళోనే పోయాయి. అలాంటి దూడ పుట్టిన ప్రతిసారీ డాక్టరు నోట ఒకటే మాట, "తల్లి లోపం" అని. రెండు దూడలు అలా పుడితే ఆ తల్లికి ఎర్ర సుద్దే. నాలుగేళ్ళలో ఆరు ఆవులు పోయాయి. ఆరింటి పక్కనా 'తల్లి లోపం' అని గుండ్రంగా రాసింది ఈ చెయ్యే. చదువుకున్నవాడు చెబుతున్నాడు, మనకేం తెలుసులే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఈసారి వంతు నల్లచెవిది. పన్నెండేళ్ళ కిందట నా చేతుల్లోనే పుట్టింది అది. నోట్లో నాలుక లేని గొడ్డు. పాత ఆబోతుకి మూడు దూడల్ని కన్నది, మూడూ నిక్షేపంలా ఉండేవి. దొర వచ్చాక కన్నవి రెండు. ఒకటి పోయింది. రెండోది బుజ్జి. దాన్ని నలభై రోజులు సీసా పాలతో బతికించుకున్నాను. పెరిగేకొద్దీ దవడ సర్దుకుంది, ఇప్పుడు చూస్తే ఎవరూ పోల్చలేరు. కానీ రెండు రెండే. నల్లచెవిని తీసేయాలని మా ఆయన వారం ముందే తేల్చేశాడు. పాత దూడల సంగతి గుర్తుచేస్తే, వయసు మీద పడ్డాక ఆడదానిలో లోపాలొస్తాయని నా మొహంలోకి చూస్తూ అన్నాడు. అంటూనే పళ్ళలో ఇరుక్కున్నదేదో గోటితో తీసి, చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నది ఈ మనిషితోనేనా అనిపించింది.

ఏరివేత రోజు పొద్దున ఆయన కుర్చీల హడావిడిలో ఉండి, దొరకి దాణా నన్ను పెట్టమన్నాడు. చూస్తే దాణా నానబెట్టడం మర్చిపోయాడు. సరేలే అని పచ్చగడ్డి మోపొకటి విప్పి ముందు పడేశాను. దొర నాలుక చాచి గడ్డి చుట్టాడు, లాగాడు, అంతా జారి కిందపడింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ జారింది. చొంగ మాత్రం మోకాళ్ళ దాకా కారుతోంది. దగ్గరికెళ్ళాను. బెదరలేదు సరికదా, నా చెయ్యి వాసన చూసి తల వంచాడు. కింది పెదవి లాగి చూశాను. ఏడాది పొడుగునా దూడల నోళ్ళు తెరిచి చూసేదాన్ని, నాకు ఇంకొకరు చెప్పాలా? కింది పళ్ళు పై చిగురుని అందుకోవడం లేదు, రెండు వేళ్ళ మందం వెనక్కున్నాయి.  

ఏరివేత మొదలైంది. డాక్టరు ఒక్కో ఆవు నోట్లో వేళ్ళు పెట్టడం, ఆ చొంగ దాని వీపుకే తుడవడం, అదే చేత్తో బిస్కెట్టు తీసుకుని టీలో ముంచుకోవడం. అయిదు ఆవులకి నీలం సుద్ద పడింది. ఆరోది నల్లచెవి. మా ఆయన ఎర్ర సుద్ద తీశాడు.

"దొరని నడిపించలేదేం?" అన్నాను.

ముగ్గురూ నవ్వారు. ఆబోతుని ఏరివేతలో నిలబెట్టడం మా ఇంటావంటా లేదు. మంద మొత్తం వాడిదైతే వాడినెవరు ఏరతారని బావగారు హాస్యమాడారు. నల్లచెవి తాడు గుంజకి చుట్టి, నేనే వెళ్ళి దొరని విప్పుకొచ్చాను. ఆడవాసనకి బెదిరే మొనగాడు పిల్లిలా నా వెనకాలే వచ్చాడు. కుర్చీల ముందు నిలబెట్టి వాడి పెదవి కిందికి లాగాను. బావగారు లేచి వంగి చూశారు. డాక్టరు చూడనేలేదు, బిస్కెట్టు పొట్లం మీద అక్షరాలు చదువుకుంటున్నాడు.

"ఎప్పట్నించి తెలుసు?" అని మా ఆయన్నడిగాను.

ఎర్ర సుద్ద జేబులో వేసుకున్నాడు. 

"తెచ్చిన వారానికే."

అప్పటికే ఊళ్ళోవాళ్ళంతా వచ్చి దొర పక్కన నిలబడి ఫొటోలు దిగి వెళ్ళారట. ఏ మొహం పెట్టుకుని వెనక్కి పంపేదన్నాడు. కొన్ని దూడలు బాగానే పుడతాయి, మిగతావి తల్లుల మీద పడిపోతాయని డాక్టరు ధైర్యం చెప్పాడట. మెత్తటి దాణా సలహా కూడా ఆ మహానుభావుడిదే. ఛీ! ఆరు ఆవులు. వాటిని లారీ ఎక్కించి, గేటు దాకా వెనకే నడిచి, కళ్ళు తుడుచుకుని వచ్చి, ఈ మనిషికి అన్నం వడ్డించాను.

బావగారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు, అదే ఆయనతో చిక్కు.

"వాడి సంగతి రిజిస్టర్లో ఎక్కితే వాడొక్కడే పోడమ్మాయ్. నిబంధన నీకూ తెలుసు. వాడికి పుట్టినవన్నీ పోవాలి. తొమ్మిది పెయ్యలూ, నీ బుజ్జితో సహా. అదే ఎక్కకపోతే, ఇదుగో, నల్లచెవికి నేనే నీలం గీస్తాను. నీ ఆవు నీకుంటుంది, నీ పెయ్య నీకుంటుంది. నోరు మాత్రం కట్టేసుకో."

అబద్ధమెందుకు, ఒప్పుకుందామనే అనిపించింది. తల కూడా ఊపానేమో. వద్దని మాత్రం అనలేదు. బావగారు నీలం సుద్ద తీసుకుని నల్లచెవి తొడ మీద అడ్డంగా గీసేశారు. అది తోక ఆడించింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. రిజిస్టరు నా ఒళ్ళోకి తోస్తూ, మరి దీని బదులు ఒకటి పోవాలి కదా, లారీ ఎలాగూ వస్తోంది, ఏడో ఆవుకీ ఒక పాడు దూడ పుట్టింది కాబట్టి దాన్ని రాసెయ్యమన్నాడు.

"ఏమని రాయను?" అన్నాను.

"ఏముంది, తల్లి లోపమనే." ఇంత మామూలుగా అన్నాడు. డాక్టరు ఇంకో బిస్కెట్టు ముంచాడు.

ఆ బిస్కెట్టు విరిగి టీలో పడటం, ఆయన దాన్ని వేలితో దేవుకోవడం చూస్తూ పెన్ను తీశాను. 'దొర. కింది దవడ పొట్టి. పుట్టుకతోనే. తెచ్చిన వారానికే యజమానికి, డాక్టరుకి తెలుసు' అని రాశాను. దాని కింద తొమ్మిది పెయ్యల నంబర్లు వేశాను. ఈసారి రాత గుండ్రంగా రాలేదు. బుజ్జి నంబరు చివర్లో వేద్దామనుకున్నాను, కానీ వయసు వరసలో అది నాలుగోది. నాలుగోదిగానే వేశాను.

మా ఆయన రిజిస్టరు లాక్కున్నాడు. రాసింది కొట్టేయాలంటే ఎందుకు కొట్టేస్తున్నారో పక్కన రాసి ముగ్గురూ సంతకాలు పెట్టాలి. బావగారు డాక్టర్ని రాయమన్నారు. డాక్టరు మా ఆయన్ని రాయమన్నాడు. మా ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు, ఒక్క అక్షరం పడలేదు. డాక్టరుకి ఏదో పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. కొట్టేసేవాళ్ళు లేక బావగారు నేను రాసినదాని కిందే సంతకం పెట్టి, ఈ మందని నేలమట్టం చేశావన్నారు.  

సాయంత్రం లారీ వచ్చింది. ఒక్క ఆవు కోసమని చెబితే చిన్న లారీ తెచ్చాడు డ్రైవరు, రెండు మూడు సార్లు తిరగాలన్నాడు. ముందు దొరని ఎక్కించాను. తర్వాత వేరే ఏ పెయ్యనైనా ఎక్కించొచ్చు. కానీ ఆలస్యం చేస్తే నా మనసు మారిపోతుందని భయమేసి బుజ్జి తాడు విప్పాను. మిగతావి లారీకి వాల్చిన చెక్క మీద అడుగు పెట్టడానికి మొరాయిస్తాయి, వెనకనించి ఇద్దరు తోయాలి. బుజ్జిని ఎవరూ తోయక్కర్లేకపోయింది. నేను ముందు నడుస్తున్నాను కదా, నా అరచెయ్యి నాకుతూ గబగబా ఎక్కేసింది. లోపల కట్టేసి తాడు ముడి వేస్తుంటే, పాలసీసా ఎక్కడుందా అని నా నడుం దగ్గర ముట్టెతో వెతికింది.

కిందికి దిగాను. మా ఆయన గేటు దగ్గర నిలబడి, ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా అన్నాడు.  ఇంకా ఎనిమిది తాళ్ళు విప్పాలి.