తలగడ లేని కునుకు

టంగ్... టంగ్... టపటపటప.

చెంచురామయ్య గారి ఖాళీ ఇంటి వసారాలో పొద్దుటి నుంచీ విల్లు మోగుతూనే ఉంది. దూలానికి తాడేసి వేలాడదీసిన ఆ నిలువెత్తు విల్లును ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేతిలోని కొయ్యగుండుతో మీరావలి తంతిని ఒక్కటిస్తే చాలు, కిందనున్న దూది ఉలిక్కిపడి లేచేది. చెంచురామయ్య గారి తాతల కాలం నుంచి ఇంటిల్లిపాది బరువూ మోసి మోసి రాయిలా గడ్డకట్టిన పరుపు దూది అది. ఆ దెబ్బలకి ముసలి వయసు వదిలేసుకుని, కొత్త పెళ్ళికూతురిలా పొంగి, వసారా గోడ దాకా మబ్బు పట్టించింది.

మీరావలి సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కాస్త వంగి ఉంటాడు. దూరం నుంచి చూస్తే రెండు విల్లులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. కనుబొమల మీద, గడ్డం మీద, చెవుల మీది వెంట్రుకల మీద దూది నూగు. పని చేస్తున్నంతసేపూ డెబ్బై ఏళ్ళ ముసలాడు, బావి దగ్గర నాలుగు చేదలు కుమ్మరించుకుంటే యాభై రెండేళ్ళ మనిషి. విల్లు మోసి మోసి కుడి భుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి జారింది. బొడ్లో సంచి, సంచిలో దారపు ఉండ, దబ్బనం. ఆ దబ్బనంతో అతను కుట్టిన పరుపుల మీద మార్టూరు నుంచి చీరాల దాకా ఎంతమంది పుట్టారో, ఎంతమంది పోయారో లెక్క లేదు. తను మాత్రం చాప మీద పడుకుంటాడు. పరుపు లేకపోయినా పరువు ఉందిగా అంటాడు. దిండ్లు కుడితేనే తిండి, తిన్నాక దిండెందుకు అని కూడా అంటాడు.

ఇల్లు గురించి ఎవరన్నా అడిగితే అతని దగ్గర ఒకటే జవాబు ఉండేది.

"విల్లున్నోడికి ఇల్లుండదు బాబుగారూ. రాములవారంతటోరే విల్లు పట్టాక ఇల్లొదిలి అడవులకి పోలా? నేనెంత?"

నల్లరేగడి ఊళ్ళన్నీ అలాగే తిరిగాడు. ఎవరి పరుపు ఏకితే వాళ్ళ పంచలోనే కాపురం. పెళ్ళాం సైదాబీ వెనకాల మూటతో నడిచేది. దూది చిక్కులు తీసేది, గలేబులు కుట్టేది, రైతుల పెళ్ళాలతో బేరమాడేది. ఆమె గొంతు విల్లు కన్నా రెండు ఊళ్ళు ఎక్కువ వినపడేది. ఆ గొంతుకే నాలుగేళ్ళుగా దగ్గు పట్టుకుంది. ఒక ఆరు నెలలు కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు దుమ్ము, ఆ కోరు, ఇంకో ఆరు నెలలు దూది నూగు. ఏకు మేకై కూర్చోవడమంటే ఏమిటో సైదాబీ గుండెలో చూడాలి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. మీరావలి ఆమె కోసం ప్రత్యేకంగా మూడు దిండ్లు కుట్టాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటికి ఆనుకుని ఆమె తెల్లారేదాకా కూర్చునేది. దాన్నే ఇద్దరూ నిద్ర అని పిలిచేవారు.

ఆ మిరపకోరు నుంచి తప్పించుకుందామనే ఇద్దరూ సముద్రం వైపు వచ్చారు. కూతురు జోహరాబీని ఒంగోలులో ఓ ఇంటిదాన్ని చేశాక, ముప్పై ఏళ్ళ దూది నాలుగు రాళ్ళు మిగిల్చింది. దూదిలోంచి రాళ్ళు తీయడం మీరావలికే చెల్లింది. ఇక తేలాల్సిందల్లా ఇల్లు ఏ ఊళ్ళో అన్నదే.

ఊళ్ళు రెండే. మెట్టపాలెం, ఉప్పుపాలెం. నడుమ ఓ ఇసుక దిబ్బ, దిబ్బ మీద సరుగుడు తోట. దిబ్బకి పడమట మెట్టపాలెం, తూర్పున, సముద్రం ముంగిట్లో ఉప్పుపాలెం. ఇటు వాళ్ళకి అటు వాళ్ళంటే పడదు. ఉప్పుపాలెంలో కొట్టిన మేకు ఏడాదికి తుప్పు, ఇచ్చిన మాట నెలకే తుప్పు అని వీళ్ళు. కూతవేటులో సముద్రం పెట్టుకుని సంతలో చేపలు కొనుక్కునే మొనగాళ్ళు అని వాళ్ళు. మెట్టపాలెంలో నాలుగు దూదేకుల కుటుంబాలున్నాయి, పీర్ల చావిడి ఉంది, పరుపులు వేసుకునే రైతులున్నారు. ఉప్పుపాలెంలో ఇసుక ఉంది. ఇసుక మీద పడుకునేవాళ్ళకి పరుపు ఎవడు అమ్మగలడు?

"ఏం మీరావలీ, విల్లేమంటంది?" అంటూ చెంచురామయ్య లోపలికొచ్చాడు. పొగాకు వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే భారీ మనిషి. మెట్టపాలెంలోని ఈ ఇల్లు ఆయన అన్నగారిది, అన్నగారు పోయాక తాళం పడింది.

"ఇల్లు బాగుందంటందండీ. తంతి చూడండి, వేలితో మీటితేనే పలుకుతంది. గోడలు ఎండుగా ఉన్నాయి."

"మరింకేం? పొద్దుగూకేలోపు తాంబూలం నా చేతిలో పెట్టు, ఇల్లు నీది. రేపు చీరాల నుంచి ఇంకో బేరం వస్తంది. నీ మీద అభిమానం కొద్దీ ఆగా."

మీరావలి తమలపాకుల కోసం పైపంచ కొంగు విప్పబోయాడు. నిన్ననే కొని తడిగుడ్డలో చుట్టి ఉంచాడు. అంతలో పెరట్లో సైదాబీ దగ్గు అందుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని, గుంజ పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇల్లు బానే ఉంది. కానీ అయ్యా, ఆ దిబ్బవతల పిచ్చమ్మ ఇల్లు మీద కూడా ఓ కన్నేసొద్దాం. చూస్తే మనదేం పోయిద్ది?"

"అది తాటాకిల్లే, పిచ్చిదానా."

"తాటాకు అయితే నన్ను కరిచిద్దా?"

చెంచురామయ్య నవ్వాడు. "చూసి రారాదూ. అది చూస్తే ఇది ఇంకా బాగుంటది."

మీరావలి విల్లు విప్పి భుజాన వేసుకున్నాడు. అదెందుకని సైదాబీ అడిగితే, పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళిచూపులేమిటన్నాడు.

దిబ్బ ఎక్కడానికి సైదాబీ నాలుగుచోట్ల కూర్చుంది. సరుగుడు తోట దాటగానే గాలి ఎదురొచ్చి ఇద్దర్నీ ఒక్క తోపు తోసింది. సముద్రం ఎండలో తళతళలాడుతూ, తనకి ఎవరి బేరంతోనూ పనిలేనట్టు ఉంది.

పిచ్చమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఇంత లావున కొప్పు, అంతకన్నా లావున గొంతు. కూతురి దగ్గరికి ఒంగోలు పోతూ ఇల్లు అమ్మకానికి పెట్టింది.

"ఏందయ్యా సాయిబూ! ఇల్లు కొనను వచ్చావా, లంక మీదికి వచ్చావా? ఆ విల్లేంది?"

"ఇల్లు నేను చూడనమ్మా, ఇదే చూసుద్ది."

"ఓయమ్మో! చూడమను, చూడమను. దాచిపెట్టుకునేదానికి నా కొంపలో ఏముంది, గాలి తప్ప!"

ఎత్తరుగు మీద మట్టిగోడల ఇల్లు. గుమ్మం తూర్పుకి. గోడల అడుగున ఉప్పు పూత పూసింది. మీరావలి వసారా దూలానికి విల్లు కట్టి, సంచిలోంచి గుప్పెడు దూది కింద వేసి, తంతిని కొట్టాడు.

డబ్.

అతను తంతిని చూశాడు. మెలితిప్పి బిగించాడు. మళ్ళీ కొట్టాడు. డబ్. ముసలి గేదెని తట్టినట్టుంది. దూది లేవలేదు. తేమ పీల్చుకుని, తడిసిన పిల్లిపిల్లలా ముడుచుకుని, తంతికి అంటుకుంది. నరంతో చేసిన తంతి ఉప్పుగాలికి సాగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఊరూరా పాడిన విల్లు ఇక్కడికొచ్చి మూగనోము పట్టింది.

మీరావలి బయటికి వచ్చాడు. "కుదరదమ్మా. ఇక్కడ విల్లు పలకదు."

"పలక్కపోతే నా గోడ తప్పా? ఎట్టాంటి విల్లయ్యా అది, గాలి సోకితే జలుబు చేసుద్దా? మీవాళ్ళు లేరని గదా నీ దిగులు? పీర్ల పండక్కి ముందుగా గుండం తొక్కేది మా పాలెమోళ్ళే, అడుగు కావాలంటే!"

"అది కాదమ్మా, తిండి..." అని, ఆ వాగుడు ముందు ఆగలేక లోపలికి కేకేశాడు. "ఏమే సైదా, పోదాం పద."

జవాబు లేదు.

మామూలుగా అయితే జవాబుకి ముందు దగ్గు వచ్చేది. తర్వాత తిట్టు వచ్చేది. రెండూ రాలేదు. మీరావలి గబగబా గడప దాటాడు.

సైదాబీ తూర్పు గుమ్మానికి ఎదురుగా, అలికిన నేల మీద, వెల్లకిలా పడుకుని ఉంది. తలకింద దిండు లేదు, చెయ్యి కూడా లేదు. కొంగు పక్కన పడి గాలికి కొట్టుకుంటోంది. నోరు కాస్త తెరుచుకుంది. గుండె నెమ్మదిగా పైకి లేస్తోంది, నెమ్మదిగా దిగుతోంది. అల వచ్చి పోయినట్టు.

నిద్ర. నిఖార్సైన, గురకతో సహా నిద్ర.

మీరావలి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఊరందరినీ నిద్రపుచ్చినవాడు పెళ్ళాం నిద్ర చూసి నాలుగేళ్ళయింది. పొద్దుట మెట్టపాలెంలో విల్లు మోగినంతసేపూ పెరట్లోంచి దగ్గు వినిపిస్తూనే ఉండటం గుర్తొచ్చింది. అంతకుముందు పర్చూరులోనూ అంతే. విల్లు టంగుమంటే దగ్గు ఖంగుమనేది. రెండూ జోడు వాయిద్యాల్లా ఊరూరా కచేరీ చేశాయి. తను మాత్రం మిరపకాయల్ని తిట్టాడు. ఇక్కడ విల్లు ఆగింది, దగ్గూ ఆగింది. కొత్త ఊళ్ళో విల్లు పలికే ఇల్లు కొనడమంటే పాత దగ్గుని తాళం వేసి దాచుకోవడమే.

పిచ్చమ్మ వెనకాలే వచ్చింది. "ఇదేందే, నా కొంపలో..." అని మొదలెట్టబోయింది.

"లేపకమ్మా," అన్నాడు మీరావలి. చెయ్యి నోటి మీద పెట్టుకుని, బతిమాలినట్టు.

పిచ్చమ్మ గొంతు తగ్గించింది. ఆ పాలెంలో అలాంటిది ఎవరూ ఎరగరు.

చేతులకి పనిలేక కూర్చోవడం అతనికి రాదు. వసారా మూల పిచ్చమ్మ తమ్ముడి పడవ తెరచాప ఒకటి చినిగి కుప్పగా పడుంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, దబ్బనం తీసి, చిరుగు అంచులు కలిపి కుట్టడం మొదలెట్టాడు. పిచ్చమ్మ వంగి చూసింది.

"ఇదేం కుట్టు, పరుపు కుట్టా?"

"పరుపులో దూది కూరతాం. దీంట్లో మీరు గాలి కూరతారు. కుట్టుకి తేడా ఏముందమ్మా?"

ఆమె కుట్టు పట్టుకుని రెండు చేతులా లాగి చూసింది. దారం కదల్లేదు. "మావోళ్ళు దీనికోసం ఓడరేవు దాకా మోసుకుపోతారయ్యా," అంది మెల్లగా.

నీడ వాకిలి దాటి ఇసుకలోకి పాకాక సైదాబీ లేచింది. ఎక్కడున్నదీ తెలీక చుట్టూ చూసి, సిగ్గుపడి, కొంగు సర్దుకుంది.

"ఏందయ్యా, లేపొద్దా? చెంచురామయ్య గారికి మాటియ్యాలిగా!"

మీరావలి పైపంచ కొంగు విప్పి, తమలపాకులూ వక్కా తీసి, పిచ్చమ్మ చేతిలో పెట్టాడు.

సైదాబీ కళ్ళు పెద్దవయ్యాయి. "విల్లు పలకలేదన్నావుగా! ఏం తింటాం?"

"ఇన్నేళ్ళూ అది పలికింది, నువ్వు దగ్గావు. ఇక నువ్వు పలుకు, అది ఊరుకుంటది."

"నేను పలికితే ఊరు ఊరంతా లేచిద్ది."

"లేవనీ. పరుపులమ్మేవాణ్ణి కాదుగా ఇక, వాళ్ళ నిద్ర నాకెందుకు?"

పొద్దు వాలుతుండగా అతనొక్కడే దిబ్బ దాటి మెట్టపాలెం వెళ్ళాడు. చెప్పకుండా మానేసే మనిషి కాదు.

"దూది ఏకటానికి పనికిరాని ఇల్లు కొన్నావా? నీకేమన్నా మతి ఉందా?" అన్నాడు చెంచురామయ్య.

"ఉందండీ. ఇంట్లో మనిషి కూడా ఉండాలిగా."

మీరావలి విల్లును పొద్దుటి దూలానికే మళ్ళీ కట్టాడు. "ఇక్కడైతే ఎండుగా ఉంటది. ఏకేవాడెవడన్నా వస్తే ఇప్పించండి," అన్నాడు. వెళ్ళేముందు గోటితో తంతిని మీటాడు. అది టంగుమంది. అతను తల ఊపి, దిబ్బ వైపు నడిచాడు. భుజం మీద బరువు లేక అడుగు ఎడమకి తూలుతుంటే, తనలో తనే నవ్వుకున్నాడు.

తర్వాత ఉప్పుపాలెం తెరచాపలన్నిటికీ పరుపు కుట్లు పడ్డాయి. సైదాబీ గొంతు పిచ్చమ్మ లేని లోటు తీర్చింది. రోజూ మధ్యాహ్నం ఆమె అలికిన నేల మీద వాలిపోయేది, ఆ కాసేపు మాత్రం పాలెంలో మాటలు చిన్నగా సాగేవి. మూడు దిండ్లలో ఒకటి పిల్లికి పోయింది, ఒకటి జోహరాబీ కొడుకు ఉయ్యాలలోకి, ఒకటి మీరావలి నడుం కిందికి. చాలా ఏళ్ళే అలా గడిచాయి. ఓ ఎండాకాలం మధ్యాహ్నం ఆమె కునుకు తీసి లేచి, వసారాలోకి కేకేసింది. మీరావలి సగం కుట్టిన తెరచాప మీద తల వాల్చి ఉన్నాడు. దబ్బనం దారంతో సహా గుడ్డలో గుచ్చి ఉంది. ఆమె రెండోసారి పిలిచింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, చాలాసేపు లేపలేదు.

మీరావలి పోయాడన్న కబురు విని చెంచురామయ్య ఆ సాయంత్రం అన్నగారి ఇంటి తాళం తీశాడు. ఏకేవాడెవడూ రాలేదు, చీరాల బేరమూ రాలేదు. దూలానికి విల్లు అలాగే వేలాడుతోంది. ఏళ్ళ కిందట ఆ పొద్దుట ఏకిన దూదిలోంచి ఒక తెల్లని పింజె, తంతిని పట్టుకుని ఇంకా ఊగుతోంది.