నిమిషంలో ఇరవయ్యారు చేపలు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. ఉక్కు ఒళ్ళు, నెత్తిన ఒక మీట. పుట్టింది పరుగు పందేల కోసమే. కానీ విశాఖలో ఆటసామాన్ల దుకాణంలో నన్ను కొన్న డాక్టర్ వకుళ ఏనాడూ పరుగెత్తిన మనిషి కాదు. ఆమె న్యూరోసైకాలజిస్టు. వయసు మళ్ళినవాళ్ళ జ్ఞాపకశక్తిని పరీక్షించడం ఆమె వృత్తి. పరీక్షకు ఎంతసేపు పట్టిందో చెప్పడం నా పని. మనుషులు చిత్రమైనవాళ్ళు. మరిచిపోతామేమోనన్న బెంగతోనే సగం మరిచిపోతారు.

ఒకనాడు హార్బరులో చేపలమ్మే పోలమ్మను కోడలు తీసుకొచ్చింది. అత్త ఒకటడిగితే ఒకటి చెబుతోందని, డాక్టరమ్మ జబ్బేనని రాసిస్తే గంప మాన్పించి ఇంట్లో కూర్చోబెడతామని చెప్పింది. బడి మొహం చూడని పోలమ్మకు పెన్సిలు పట్టడం రాలేదు. నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే, ప్రశ్న రెండుసార్లు అడిగించుకుని, ఐదు చెప్పి ఆగింది. వకుళ ‘మతిమరుపు జబ్బు’ అని రాయబోయింది.

“జంతువుల్తో నాకేటి పని డాక్టరమ్మా? సేపలడుగు,” అంది పోలమ్మ.

వకుళ కలం పక్కనపెట్టి నా మీట నొక్కింది. వంజరం, చందువ, కానాగంత, నెత్తళ్ళు, సొర... నా ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి ఇరవయ్యారు. ఏది ఏ నెలలో రుచో మధ్యమధ్య చెప్పకపోతే ముప్పై దాటేవి.

చెవులు పరీక్ష చేయిస్తే తేలింది, తగ్గింది మతి కాదు, వినికిడి. చెవి మిషను పెట్టించుకుని పోలమ్మ మళ్ళీ గంపెత్తింది. కోడలి మాటలన్నీ వినిపించసాగాయి, వినిపించకూడదని కోడలు అనుకున్నవి కూడా.

వకుళకు మాత్రం, ఇంతకుముందు ఇలా ఎందరికి జబ్బని రాసేసిందోనన్న అనుమానం పట్టుకుంది. పాత ఫైళ్ళు తీసి, చదువురాని నలభైమందిని మళ్ళీ పిలిపించింది. పదకొండుమందికి లేని జబ్బు రాసినట్టు తేలింది. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, “తప్పు నా పరీక్షది, మీది కాదు” అని చెప్పింది. నేను ఆమె సంచిలోనే ఉన్నాను. ఆ మాట చెప్పడానికి ప్రతి గుమ్మంలోనూ ఆమెకు చాలాసేపు పట్టింది. తర్వాత ఇరవై ఏళ్ళూ అక్షరం రానివాళ్ళకు పనికొచ్చే పరీక్షలు తయారుచేయడంలోనే గడిచాయి.

ఇప్పుడామె రిటైరైంది. కొత్త విద్య నేర్చుకుంటే మెదడు చురుగ్గా ఉంటుందని ఊరందరికీ చెప్పి తాను మాత్రం ఏమీ నేర్చుకోలేదని, అరవై మూడో ఏట సైకిలు కొంది. పొద్దున్నే కాలనీ మైదానంలో ఆమె భర్త ప్రభాకరంగారు నన్ను పట్టుకుని నిలబడతారు. మొదటిరోజు కాలు నేలకు ఆనకుండా నాలుగు సెకన్లు. వారం తిరిగేసరికి పదకొండు. ఇవాళ ఆమె మైదానం దాటి, రోడ్డెక్కి, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

ప్రభాకరంగారు మలుపువైపే చూస్తున్నారు. నేనింకా తిరుగుతూనే ఉన్నాను.