సెలవు రోజు టికెట్

భూపతి అంటే కనుకయ్యకు ఒళ్ళుమంట. పెళ్లాం అన్న కాబట్టి ఊరుకుంటున్నాడు గానీ, భివండీ అంజూర్ ఫాటాలో ఒక కిరాణా దుకాణం పెట్టుకున్నంత మాత్రాన మనిషికి అంత నీలుగుడు అవసరమా? కనుకయ్య ఉండే కనేరికి వచ్చిన ప్రతిసారీ బట్ట నేసే సాంచాల చప్పుడుకు చెవులు మూసుకుంటాడు. ఆ సాంచాలు నడిపే కనుకయ్య తన చెల్లెలికి పదిహేనేళ్లుగా తిండి పెడుతున్నాడని ఆయనకు గుర్తే రాదు.

ఎండాకాలం సెలవుల్లో ఓరోజు ఆ భూపతే వచ్చి, "ఆదివారం మా పిల్లలను నీళ్ల పార్కుకు తీస్కపోతున్న. మల్లికను గూడ పంపు. నువ్వెట్లాగు తీస్కపోవు" అన్నాడు.

"నా బిడ్డను నేనే తీస్కపోత బావా" అన్నాడు కనుకయ్య. పదకొండేళ్ల మల్లిక ఆ మాట గల్లీ అంతా చాటింది. ఇక మాట నిలబెట్టుకోక తప్పదు.

మర్నాడు కార్ఖానాలో తన వంతు పాలి దిగి వచ్చి, పార్కు టికెట్లు తీయడానికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పిల్లలకు పొడవును బట్టి ఒక టికెట్, పెద్దలకు వేరు, భోజనంతో ఒకటి, భోజనం లేకుండా ఒకటి, వరసలో నిలబడలేని దొరలకు ఇంకొకటి. మల్లికను గోడకు నిలబెట్టి టేపుతో కొలిచాడు. అన్నీ సరిగ్గానే నింపాడు పాపం. చివర్లో పని రోజులా, సెలవు రోజులా అని అడిగింది. భివండీలో సాంచాలు ఆగేది శుక్రవారం. ఇన్నేళ్లుగా ఆయనకు సెలవంటే అదే. ధర ఎక్కువైనా సెలవు రోజులే నొక్కాడు. కింద దానంతటదే పడిన తారీఖు వంక చూడనైనా లేదు. కాగితం మీద ప్రింటు తీయించి, గురువారం సాయంత్రం భూపతి ఇంటికొస్తే చేతిలో పెట్టాడు, చూసి కుళ్లుకోవాలని.

భూపతి తాపీగా చదివాడు. "ఇది ఆదివారం టికెట్. రేపు పోతే లోపటికి రానియ్యరు. లోకానికి సెలవంటే ఆదివారం. మీ కార్ఖానాను అడిగి పార్కు నడుపుతరా?"

"ఆదివారం పనికి నాగా పెట్టరాదు?" అంది కనుకయ్య పెళ్లాం ఐలవ్వ మెల్లగా, మొగుడితో.

"పెడితే నా సాంచాలు ఇంకోనికిస్తడు సేటు. మొన్న నా పక్క సాంచాల ఆగయ్యకు గదే అయింది."

భూపతి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గింతదానికి పరేషాన్ ఏంది? మల్లిక నాతోని వస్తది. నీ టికెట్ మీద నేను పోత."

కనుకయ్య ఆ కాగితాన్ని జేబులోంచి లాగి నాలుగు ముక్కలు చేశాడు. ఫోన్‌లో ఉన్నదీ తుడిచేశాడు. "నా బిడ్డ నీ వెంట రాదు. ఇగ పో" అన్నాడు. పదిహేనేళ్ల కసి తీరినట్టు ఎంత హాయిగా అనిపించిందో. మల్లిక వంగి ఆ ముక్కలు ఏరింది. ఆదివారం భూపతి తన పిల్లలతో దర్జాగా వెళ్లొచ్చాడు.

మళ్లీ గురువారం రాత్రి కనుకయ్య అన్నం తింటున్న కూతురి పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, ఈసారి పని రోజు టికెట్ తీసిన. తారీఖు గూడ రెండుసార్లు చూసిన. రేపు పోదాం."

"ముఝే నహీ ఆనా, బాపు. నేను రాను."

"ఎందుకే?"

"మామ మీద కోపముంటే మామను కొట్టకపోయినవ్. నా టికెట్ ఎందుకు చింపినవ్?"

కంచం తీసుకుని వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.