గోర్మన్ బొటనవేలు

గోర్మన్ తీయించే సినిమాలు థియేటర్ ముఖం చూసేవి కావు. నేరుగా క్యాసెట్లయి వీడియో షాపుల్లో పెద్దవాళ్ళ అర ఎక్కేవి. అట్ట మీద ఒక ఆడమనిషి వీపు, ఆ వీపు మీద కిటికీ పలకల నీడ, పక్కన ఒక కత్తి. అట్ట ముందు తయారయ్యేది, కథ తర్వాత. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన ఉన్న లోయలో 1992 నాటికి ఇలాంటివి తీసేవాళ్ళు వీధికొకరుండేవారు.

గోర్మన్ సినిమా చూసే పద్ధతి అందరికీ తెలుసు. రిమోట్ చేత్తో పట్టుకుని సోఫాలో వాలేవాడు. విసుగు పుట్టిన చోట బొటనవేలితో బొత్తం నొక్కేవాడు. బొమ్మ పరుగెత్తేది. అలా పరుగెత్తిన ముక్క మర్నాటికి సినిమాలో ఉండేది కాదు.

"ఇంట్లో చూసేవాడు చేసేదీ ఇదే. వాడికి ఆ శ్రమ నేను తప్పిస్తున్నాను," అనేవాడు.

ఈసారి ఆ వేలు కొరీన్ హాస్కెల్ రాసుకున్న మాటల మీద పడింది.

సినిమాలో ఆమెది విధవ వేషం. మొగుణ్ణి చంపిందేమోనని అనుమానం. నిజంగానే ఆమె భర్త డేల్ ఫిబ్రవరిలో పోయాడు. ఆ తర్వాత అతని గురించి ఆమె రాసుకున్నదల్లా ఒక్క పేజీ. డైరెక్టర్ విక్ అది చదివి స్క్రిప్టులో పెట్టాడు. వంటగది సీనులో కొరీన్ డిటెక్టివ్‌తో ఆ మాటలు చెప్పింది. గోర్మన్ టీవీలో ఆమె పెదవులు గబగబా కదిలి మాయమయ్యాయి.

"బాగానే చేసింది పాపం. కానీ ఎవడు చూస్తాడు?" అన్నాడు గోర్మన్.

మర్నాడు షూటింగ్ జరిగే ఇంటి బయట, టాకోలమ్మే తిండి బండి దగ్గర కొరీన్ విక్‌ని పట్టుకుంది.

"రేపు పడకగది సీను కదా. ఆ మాటలు అక్కడ చెబుతాను."

"మతి పోయిందా తల్లీ? ఆ సీనుకి మాటలేంటి, శాక్సఫోన్ ఉంటే చాలు."

"గోర్మన్ వేలు కదలనిది అక్కడొక్కచోటే విక్."

విక్ నమలడం ఆపాడు. తలూపాడు.

పడకగది సీను నడిమధ్యాహ్నం తీశారు. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, లోపల నీలం వెలుగు, కాస్త పొగ పెట్టారు. అలాంటి రోజు అవసరం లేనివాళ్ళందరినీ బయటికి పంపేస్తారు. అందరికన్నా ముందు వెళ్ళేది సౌండ్ చూసే మనిషి. ఎలాగూ పైన సంగీతం వేస్తారు కనక. విక్ అలవాటు కొద్దీ అతన్నీ పంపేశాడు. కొరీన్ గౌను బిగించి కట్టుకుని, చెప్పుల్లేకుండా ఎండలోకి పరుగెత్తింది. సౌండ్ చూసే రస్సెల్ అప్పటికే కారు డిక్కీలో మైకుల పెట్టె సర్దుతున్నాడు.

"రస్సెల్, లోపలికి రా. మైకు కావాలి."

"ఈ సీనుకా? ఏం వినాలమ్మా అక్కడ, మంచం కిర్రుమనడమా?"

"నన్ను."

రస్సెల్ ఆమె మొహంలోకి ఒకసారి చూసి పెట్టె తీసుకున్నాడు.

డిటెక్టివ్ వేషం వేసిన టాడ్ పక్క మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"నువ్వు మాట్లాడుతుంటే నేనేం చెయ్యాలి?"

"వినాలి."

"అంతేనా?"

"అంతే నాయనా. చేసి చూడు, తెలుస్తుంది."

కెమెరా తిరిగింది. అతని చెయ్యి ఆమె భుజం మీదికి వచ్చినప్పుడు కొరీన్ మొదలుపెట్టింది.

"పొద్దున్నే కుళాయి తిప్పి వేడినీళ్ళు వచ్చేదాకా నిలబడేవాడు. ఆ గడ్డం గీసుకునే బ్రష్ ఇంకా గ్లాసులోనే ఉంది. వాడకపోతే కుచ్చు బిరుసెక్కిపోతుందట. అందుకని అప్పుడప్పుడూ తడుపుతుంటాను. ఎవరికోసమో అడక్కు."

టాడ్ అప్పుడు ముద్దు పెట్టుకోవాలి. మరిచిపోయాడు. విక్ కూడా కట్ చెప్పలేదు.

వారం తిరిగాక అందరూ గోర్మన్ సోఫా వెనక నిలబడ్డారు. వంటగది సీను అప్పటికే పోయింది. ఇది కూడా పోతే ఆ మాటలు ఇక ఎక్కడా ఉండవు. నీలం వెలుగు వచ్చింది. గోర్మన్ ముందుకు వంగాడు.

"శాక్సఫోన్ ఏదయ్యా?"

"వస్తుంది సార్."

తెర మీద కొరీన్ మాట్లాడుతోంది. గోర్మన్ వేలు బొత్తం మీదే ఉంది. ఇదిగో ఇప్పుడు మొదలవుతుంది, ఇదిగో ఇప్పుడు అన్నట్టు ఎదురుచూస్తూ నొక్కకుండా ఉండిపోయాడు. మాటలు అయిపోయాయి. శాక్సఫోన్ ఎత్తుకుంది. అప్పుడు వేలు కదిలింది.

కొరీన్ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బొమ్మ వెనక్కి పరుగెడుతోంది.

"ఆ బ్రష్ సంగతి ఇంకోసారి విననీ," అన్నాడు గోర్మన్.

రెండోసారి వింటున్నంతసేపూ రిమోట్ సోఫా మీదే ఉంది. అయిపోయాక వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"విక్, అట్ట అచ్చుకి వెళ్ళిందా?"

"ఇంకా లేదు సార్."

"ఈమె మొహం వెయ్యి." కాస్త ఆగి, "వీపు కూడా ఉండనీలే. చిన్నగా," అన్నాడు.

వెనకనుంచి రస్సెల్ నవ్వు గట్టిగా వినిపించింది. దానికి కొరీన్ నవ్వు కలిసింది. ఫిబ్రవరి తర్వాత ఆ నవ్వు విక్ వినడం అదే మొదలు.