కందనకాయ ఎవరు తిన్నారు

కోడిని కోసింది నెరిస్. బొచ్చు పీకింది నెరిస్. కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండించుకుని వండిందీ నెరిసే. కందనకాయ మాత్రం తనదేనని భర్త ఐవర్ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి వాదిస్తున్నాడు.

"ఇక్కడి పద్ధతి అది. ఇంటి యజమానికే పెట్టాలి. పాస్టరు గారే చెప్పారు."

"వేల్స్‌లో ముప్ఫయ్యేళ్ళు నేనే తిన్నాను. ఒక్కనాడైనా అడిగావా?"

"అక్కడ యజమాని ఎవరన్న ప్రశ్నే రాలేదుగా."

"ఇంటి యజమాని కంచె తనే కట్టుకోవడం కూడా ఇక్కడి పద్ధతే. ఆ మాట పాస్టరు గారు చెప్పలేదా? పక్కింటి సితాతి గారి మేకలు నా కూరమడిని మేసి పోతున్నాయి."

ఐవర్‌కి కుర్చీలు సర్దే పని గుర్తొచ్చింది. వాళ్ళు పశ్చిమ కెన్యాలోని ఈ ఊరి చర్చికి సేవ చేయడానికి వచ్చి ఎనిమిది నెలలైంది. అతను కుర్రవాళ్ళకు వడ్రంగం నేర్పుతాడు, ఆమె బాలింతలను చూసుకుంటుంది. ఇన్నాళ్ళలో ఐవర్‌కి భాష పట్టుబడలేదు గాని, తనకు లాభం చేకూర్చే ఆచారాలు మాత్రం ఇట్టే వంటబట్టాయి.

నెరిస్ అసలు కోపం కందనకాయ మీద కాదు. చర్చి రేకుల మీది వాన నీళ్ళు పట్టడానికి కొత్త ట్యాంకు వచ్చింది. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో రేపు కట్టడం కమిటీ తేలుస్తుంది. రోడ్డు పక్కన పెడితే వచ్చేపోయేవాళ్ళు చూసి మెచ్చుకుంటారని మగవాళ్ళ ముచ్చట. చర్చి వంటపాక వెనక పెడితే ఊట దాకా దిగి, బిందెలు నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కే బాధ తప్పుతుందని ఆడవాళ్ళ ఆశ. నెరిస్ కూడా వాళ్ళతో నీళ్ళు మోసింది. ఆ మెడనొప్పి ఇంకా వదల్లేదు. కాని కమిటీలో కూర్చునేది ఇంటి యజమానులే. ఈ ఇంటి తరఫున వెళ్ళేది ఐవర్. ఆడవాళ్ళ మాట అక్కడ చెప్పమని ఎన్నిసార్లు బతిమాలినా, "అతిథులం, మనకెందుకు" అంటాడు. కమిటీలో బల్ల మీద కూర్చుని, అర్థమైనా కాకపోయినా అన్నిటికీ తలూపి వస్తాడు.

ఉప్పు సరిపోయిందో లేదో చూడాలి కదా అనుకుంది నెరిస్. గరిటెతో కెలికి కందనకాయను పైకి తీసింది. ఉప్పు సరిపోయింది.

ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఈ రెండు కుటుంబాలూ కలిసి భోంచేస్తాయి. పక్కింటి సితాతి సంఘ పెద్ద, కమిటీకీ పెద్ద. వీళ్ళు దిగిన రోజే ఐవర్‌ను తమ్ముడన్నాడు. అప్పటి నుంచి అతని భార్య నలియాకా నెరిస్‌కి అక్క అయిపోయింది.

చేతులు కడుక్కున్నారు. సితాతి ప్రార్థన చేశాడు, క్లుప్తంగా కాదు. నలియాకా మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్దను పళ్ళెంలో బోర్లించింది. సితాతి కూర గిన్నె మూత తీసి, ముఖం వికసించి, గరిటె తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. అడుగు దాకా పోనిచ్చి తిప్పాడు.

"తమ్ముడూ, నీ కందనకాయ కనబడదేం?"

ఐవర్ భార్య వైపు చూశాడు. "పిల్లి..." అని మొదలుపెట్టాడు. పక్కగదిలోంచి వాళ్ళ పిల్లి తాపీగా నడిచొచ్చి, ఆకలితో అరిచింది.

"నేనే తిన్నాను, బావగారూ," అంది నెరిస్.

సితాతి గరిటె కింద పెట్టాడు. "అమ్మా, మా నాన్న కాలంలో ఈ పని చేసిన ఇల్లాలిని పుట్టింటికి పంపేవాళ్ళు. కోడిపుంజును తెచ్చుకుంటేనే గడప తొక్కనిచ్చేవాళ్ళు."

"ఈమె పుట్టింటికి పోవాలంటే విమానం ఎక్కాలి," అంది నలియాకా. "కోడిని అందులో ఎక్కనిస్తారో లేదో కనుక్కోండి."

"నువ్వు ఊరుకోవే."

"ఊరుకుంటాను. ఒక్క సందేహం తీర్చండి. మన కొడుకులకు మీరేం నేర్పారు? కందనకాయ తిన్నవాడే ఇంటికి యజమాని అనేగా?"

"అవును. మా తాత మాట అది."

"మరి ఈ ఇంట్లో తిన్నదెవరు?"

సితాతి నోరు తెరిచి, అందులో ఉగాలి పెట్టుకున్నాడు.

"రేపు కమిటీకి రావలసింది ఇంటి యజమానులని మీరే చర్చిలో చదివారు. నేను ముందు వరసలోనే ఉన్నాను, నిద్రపోలేదు," అంది నలియాకా. బల్ల కింద ఆమె కాలు నెరిస్ కాలిని తట్టింది.

"తమ్ముడూ, నువ్వైనా ఏదో ఒకటి అను," అన్నాడు సితాతి.

ఐవర్ ముఖం అంతకంతకూ వెలిగిపోతోంది. కమిటీలో ఆ బల్ల ఎంత గట్టిదో అతని నడుముకే తెలుసు. "నాకేం అభ్యంతరం లేదన్నా. పద్ధతి పద్ధతే. మనం కాదంటే ఎలా?"

"ఎంత బుద్ధిమంతుడు," అంది నెరిస్, అతనికి మెడ ముక్క వడ్డిస్తూ.

సితాతి చాలాసేపు నమిలాడు. ఎముకను చీకి పక్కన పెట్టాడు. "మరదలా, కమిటీకొస్తే ఏం మాట్లాడతావు?"

"ట్యాంకు వంటపాక వెనకే పెట్టమంటాను. మీరు ఒప్పుకునే దాకా అదే మాట అంటూ ఉంటాను. నేను తలూపను, బావగారూ."

"చీకటి పడినా?"

"లాంతరు తెచ్చుకుంటాను."

సితాతి తమ్ముడి వైపు జాలిగా చూశాడు. "ఈమె వస్తే, వచ్చే ఆదివారానికి ఊళ్ళో ఏ కుండలోనూ కందనకాయ మిగలదు. ఈ సంగతి ఈ నాలుగు గోడలు దాటకూడదు."

"దాటదు," అంది నలియాకా. "స్త్రీల సమాజంలో మాత్రం ప్రార్థనాంశంగా పెడతాను."

సితాతి నీళ్ళు పోయించుకుని, వేళ్ళు ఒక్కొక్కటే కడుక్కున్నాడు. చర్చిలో ప్రకటనలు చదివేటప్పుడు చేసినట్టే వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి. నేను సంఘ పెద్దను, ఈ ఇంటికి యజమాని ఎవరంటే అబద్ధం చెప్పలేను. రేపు కమిటీకి నెరిస్ వస్తుంది, నా పక్కన కుర్చీ వేయిస్తాను. తమ్ముడు ఆడవాళ్ళతో కలిసి ఊట నుంచి నీళ్ళు తెచ్చి, మా అందరికీ టీ కాస్తాడు. ఇక ట్యాంకు సంగతి. వంటపాక వెనకే పెట్టాలని మొదటి మాట నేనే అంటాను. ఆమె అన్నాక ఒప్పుకుంటే ఓడినట్టు. ఆమె నోరు విప్పకముందే అంటే, అది నా నిర్ణయం."