మంచుకొండల ముందు లచ్చన్న

గోడకు తగిలించిన ఆ రంగుల బొమ్మను చెత్తలో పడేయమని ఇంగ్లీషు దొరసాని చెప్పింది. బహ్రెయిన్ వదిలి వెళ్తున్న వాళ్ల సామాను మీనా సల్మాన్ రేవుకు చేర్చడం మా పని. నేను బండి తోలతాను, లచ్చన్న మోస్తాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఆ రోజు బొమ్మను అడిగి తీసుకుని తుబ్లీలోని మా కూలీల క్యాంపుకు తెచ్చాడు.

దగ్గరికెళ్తే అన్నీ రంగు ముద్దలే. ఊదా, తెలుపు, ఆకుపచ్చ, ఎవరో చేతికంటిన రంగు గుడ్డకు తుడిచినట్టు. అవతలి గోడ దాకా వెనక్కి జరిగితే మాత్రం సముద్రం ఒడ్డున నిటారు కొండలు, వాటి నెత్తిన మంచు. ఎనభై రెండులో వచ్చినప్పటి నుంచి నేను మంచు చూసింది చేపల పెట్టెల్లోనే. జూన్ నెలలో, కూలరు చెడిపోయిన గదిలో దాన్ని చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

లచ్చన్నకు దానితో పని ఉంది. ఇక్కడ ఎండకు జనం సొమ్మసిల్లి పడిపోతున్నారని ఊళ్లో ఎవరో చెబితే, అతని భార్య చంద్రవ్వ క్యాసెట్టు నిండా ఏడ్చి పంపింది. మా క్యాంపులో ఉత్తరాలు రాసేవాళ్లు తక్కువ. టేపురికార్డరులో మాట్లాడి, ఊరెళ్లేవాళ్ల చేతికి క్యాసెట్టు ఇస్తారు. ఆమె బెంగ తీర్చడానికి లచ్చన్న నా స్వెటరు తొడుక్కుని, ఆ బొమ్మ ముందు నిలబడి ఫోటో దిగాడు. చట్రం కనబడకుండా తీసింది నేనే.

"ఈడ సల్లగుంటది, రంది వడకు" అని క్యాసెట్టులో చెప్పి, ఫోటోతో కలిపి పంపాడు.

ఆగస్టులో మా గదిలోనే ఉండే ముత్తన్న ఊళ్లో సెలవు ముగించుకుని వచ్చి, లచ్చన్న మంచం మీద ఓ మూట పడేశాడు. విప్పితే నల్లటి గొంగడి. గొర్రె వాసన, వాళ్లింటి పొయ్యి పొగ వాసన గదంతా నిండింది. ఒళ్లంతా చెమటలు కారుతుంటే నవ్వడానికీ ఓపిక కావాలి, అయినా నవ్వాం.

మూటలోనే ఉన్న క్యాసెట్టును లచ్చన్న టేపులో పెట్టాడు. చంద్రవ్వ గొంతు; ఆమెకు ఎడారి దేశాలన్నీ దుబాయే.

"ఇగో, ఫోటో సూసిన. దుబాయిల గంత సలి ఉంటదని నాకు ఎవ్వలు జెప్పలే. ఎట్ల పంటున్నవో ఏమో. గొంగడి పంపుతున్న, కప్పుకో. నాదేముంది, యూరియా సంచి కప్పుకొని నాట్లకు వోతున్న."

ఆ తర్వాత దగ్గు. టేపు అయిపోయేదాకా దగ్గే.

మా నవ్వు ఆగిపోయింది. వానకైనా చలికైనా వాళ్లింట్లో ఉన్నది ఆ ఒక్క గొంగడే.

"చెప్పెయ్యి లచ్చన్నా, ఎన్నాళ్లని దాస్తావు?" అన్నాను.

"ఎండ అంటే ఏడుస్తది, ఎలియేజరన్నా."

"ఏడవనీ. వానలో తడిసేకంటే నయం కదా."

అతను లేచి బొమ్మను మంచం కిందికి తోసి, క్యాసెట్టు తిరగేసి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కాడు.

"చంద్రవ్వా, ఈడ సలి లేదే. అది ఉత్త బొమ్మ. ఎండకు రేకులు కాలుతున్నయి. నాకు శాతనైతలేదు. మస్తు అలిసిపోయిన." గొంగడిని ఒళ్లోకి లాక్కున్నాడు. "మా కాడి వెంకటి సెలవుకు ఊరికి వస్తుండు. గొంగడి ఆయనతోని పంపుతున్న. నాట్లకు కప్పుకొని వో."

టేపు నేనే ఆపాను.

వెంకటి బయల్దేరేదాకా లచ్చన్న ఆ గొంగడిని మడిచి తల కింద పెట్టుకునే పడుకున్నాడు. తెల్లారేసరికి జుట్టంతా చెమటతో తడిసిపోయేది. తీసెయ్యమని నేను అనలేదు.