చెంప మీద వేలిముద్ర

నాలుగు నెలల క్రితం నేనే ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేసిన వెండి డాలరు మీద, సీలు చెదరకుండానే, ఒక మనిషి బొటనవేలి ముద్ర తేలింది.

మా యజమాని గ్లెన్ హాల్వర్సన్ దాన్ని నా బల్ల మీద పెట్టి దీపం కిందికి వంచాడు. నాణెం మీది లిబర్టీ దేవత చెంపపై గోధుమరంగు గీతలు, ఒకదాని లోపల ఒకటి, సుడులు తిరుగుతున్నాయి.

"ఈ వారంలో ఇది మూడోది, నోరీన్."

వేలి జిడ్డు అంటిన రోజున కంటికి ఆనదు. నెలలు గడిచాక వెండిని తిని పైకి వస్తుంది.

మా కంపెనీకి అప్పటికి రెండో ఏడు. అంతకుముందు కాలిఫోర్నియాలో నాణేల బేరమంటే కొట్టువాడి నోటిమాటే. అదే నాణెం వాడు అమ్మేటప్పుడు పెళ్ళికూతురు, కొనేటప్పుడు ముసలమ్మ. మేం సొంతదారు పేరు దాచి, ఇద్దరు పరీక్షకులకు విడివిడిగా చూపించి, డెబ్బైకి ఇన్నని మార్కు వేయించి, ఇక ఎవరూ తాకకుండా సీలు వేసి ఇచ్చేవాళ్ళం. ఇద్దరి మార్కులూ కలవకపోతే నాణెం ఆర్లో పిట్‌మన్ దగ్గరికి వెళ్ళేది. ఆయన మాటే ఆఖరు. నాణేన్ని అంచు పట్టుకునే ఎత్తాలని గ్లెన్‌తో సహా మా అందరికీ నేర్పిందీ ఆయనే.

"ఆఖరున పట్టుకునేది నువ్వే," అన్నాడు గ్లెన్.

"చేతికి తొడుగులుంటాయి కదా."

"చిప్స్ తినేటప్పుడు కూడానా?"

పక్కగదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

గ్లెన్ నా ఎర్రసిరా స్టాంపు ప్యాడ్‌ను ముందుకు తోశాడు. "వేలు అద్దు."

దొంగలా అద్దాను. కాగితం మీది ముద్రనూ నాణెం మీది ముద్రనూ భూతద్దంతో మార్చి మార్చి చూశాడు. నాణెం మీద ఉన్నది సగం ముద్రే. ఏదీ తేలలేదు.

"మరి మిగతావాళ్ళ వేళ్ళు? ఆర్లోగారి వేలు?"

"నోరు జాగ్రత్త. శుక్రవారంలోగా ఇది నువ్వు కాదని చూపించు. లేదంటే ఇటు రావద్దు. ఈ రాష్ట్రంలో ఏ నాణేల కొట్టూ నిన్ను గడప తొక్కనివ్వదు."

మర్నాడు సొంతదారుల దగ్గర్నుంచి ఇంకో రెండు తిరిగొచ్చాయి. మళ్ళీ చెంప మీదే.

నా చేయి జారితే వేలు ఎక్కడైనా పడాలి. ప్రతిసారీ చెంప మీదే ఎందుకు? గీతలు పడ్డాయేమోనని పరీక్షకులు ముందుగా చూసేది అక్కడే. డబ్బీలు తిప్పి చూశాను. మార్కులు కలవక ఆర్లో దగ్గర తగువు తీరిన నాణేల చీటీ మూలన నేనొక చుక్క పెడతాను. అయిదింటి మీదా చుక్క ఉంది.

కొత్తవాళ్ళకు చూపించడానికి ఉంచిన పాత డాలరు తీసి, దాని చెంపకు ఎర్రసిరా దట్టంగా పూశాను. గ్లెన్‌ను పిలిచాను.

"ఆర్లోగారి గది తెర వెనక నిలబడండి. మాట్లాడకండి."

"ఏం నాటకమిది?"

"నా ఉద్యోగం పోతే పోయింది. ఒక్క నిమిషం నిలబడండి."

పరీక్షకుల గదులు చీకటిగా ఉంటాయి, మనిషికొక దీపం. ఆర్లో గది నల్లతెర పక్కకు జరిపి లోపలికి వెళ్ళాను.

"ఏం పిల్లా, నిన్ను ఉరి తీస్తున్నారటగా?"

"శుక్రవారం దాకా ఆగారు. దీనికి మార్కు చెప్పండి. ఒకరు అరవైనాలుగన్నారు, ఒకరు అరవైఅయిదు."

అంచు పట్టుకుని అందుకున్నాడు. దీపం కింద వంచి, వెలుగు నాణెం చుట్టూ తిరిగేలా మెల్లగా తిప్పాడు. ఎప్పటిలాగే, ఎంతో అందంగా. ఆ తర్వాత కుర్చీ కాస్త అటు తిప్పుకున్నాడు. భుజం అడ్డొచ్చింది.

"అరవైఅయిదు. చెంప చూశావా? తేరిన నీళ్ళలా ఉంది. మచ్చన్నది లేదు."

నాణెం వెనక్కి అందుకున్నాను. దేవత చెంప కొట్టినట్టు ఎర్రగా ఉంది. ఆయన బొటనవేలూ అంత ఎర్రగానే ఉంది. ఆ వేలితోనే కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ముక్కు మీద మరక పడింది. ఆయనకు తెలియలేదు.

తెర కదిలింది.

"ఆర్లో," అన్నాడు గ్లెన్. "మీ చేయి చూసుకోండి."

ఆర్లో చేయి ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"సిరా," అన్నాడు.

ఆయన దీపం ఆర్పేశాడు.

"నాకెలాగూ ఒకటే. ఎటు చూసినా నడిమధ్యన బూడిదరంగు మచ్చ, గ్లెన్. చుట్టూ అంచులే కనబడతాయి. మొదట ఒక్కదాన్నే తాకాను. గీత ఉందేమోనని తడిమాను, తగల్లేదు, అరవైఅయిదన్నాను. కాదన్నవాడు లేడు. నన్నెవరు కాదంటారు? అప్పట్నుంచీ వేలే నా కన్ను. నీకు తిరిగొచ్చినవి మొదటి వారాలవి. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తాకాను. అవన్నీ ఎవరెవరి బ్యాంకు లాకర్లలోనో ఉన్నాయి. ఆ చీకట్లో ఒక్కోదాని మీదా నా వేలు పైకి లేస్తూ ఉంటుంది. నువ్వీ పిల్ల వేలు అద్దిస్తున్నప్పుడు నేను పక్కగదిలోనే ఉన్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఆ నవ్విందీ నేనే."